సొట్ట డబ్బా

మా అత్త నన్నీ బీ దగ్గర పారేయాల్సిన వస్తువంటూ ఏదీ ఉండదు. టూత్‌పేస్టు ట్యూబును ముందు రొట్టెల కర్రతో వత్తుతుంది, తర్వాత కత్తెరతో నిలువునా కోసి ఇంకో నాలుగు రోజులు ఇంటిల్లిపాదికీ పళ్ళు తోమిస్తుంది. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ నా కూతురు షమీమ్ పాత సాక్సులో వేసి, ముడేసి, బాత్‌రూములో మేకుకు తగిలిస్తుంది. నూనె ప్యాకెట్టు ఖాళీ అయ్యాక దాన్ని బట్టల క్లిప్పుతో గిన్నె మీద తలకిందులుగా వేలాడదీసి, "ఇంగా ఉండాది, కారతాది," అంటూ మరుసటి రోజు దాకా ఎదురుచూస్తుంది. నేను పెళ్ళయి డోన్ నుంచి బేతంచెర్లకు వచ్చిన కొత్తలో అలాంటి ప్యాకెట్టునొకదాన్ని చెత్తలో వేశాను. మధ్యాహ్నానికల్లా అది కడిగి ఆరేసిన కరివేపాకు సంచిగా మారి వంటింట్లో నా కళ్ళెదురుగా వేలాడుతోంది. ఆ రోజు నుంచి ఆమెతో పోటీకి పోవడం మానేశాను.

వీటన్నిటికీ పెద్ద, బియ్యం కొలిచే డబ్బా. ఎప్పటిదో నెయ్యి డబ్బా. రంగు పోయింది, మూత పోయింది, ఒక పక్కన మాత్రం అరచెయ్యి కూర్చునేంత సొట్ట ఉంది. మా ఇంట్లో పొద్దున, మధ్యాహ్నం జొన్నరొట్టెలే, రాత్రి మాత్రం అన్నం. రాత్రికి సరిగ్గా ఒక డబ్బా బియ్యం. డబ్బా అంచుదాకా నిండుగానే కనిపిస్తుంది కానీ, సొట్ట ఉన్న మేరకు బియ్యం పట్టదు. ఆ పట్టని బియ్యమే ఈ ఇంటిని నిలబెట్టిందని మా వాళ్ళందరి నమ్మకం. ఇంటికి బండలు పరిచింది సొట్ట, మా ఆయన అక్రమ్‌ను ఐటీఐ చదివించింది సొట్ట. మా నాన్నకు ఈ సంబంధం చెప్పినప్పుడు కూడా మధ్యవర్తి పిల్లవాడి జీతం చెప్పలేదు, "వాళ్ళింట్లో సొట్ట డబ్బా ఉండాదప్పా," అన్నాడు. మా నాన్న అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

వీధిలో పదకొండు ఇళ్ళు. మాది పోను పది ఇళ్ళ ఆడవాళ్ళూ మా డబ్బాను ఒక పూట అడిగి తీసుకుపోయి, ఎదురుగా పెట్టుకొని, తమ డబ్బాలకూ రోకలితో అలాంటి సొట్టే కొట్టుకున్నారు. ఇప్పుడది వీధి ఆచారం. కొత్త కోడలు ఎవరి ఇంటికి వచ్చినా ముందు డబ్బాకు సొట్ట కొట్టించి, తర్వాతే పొయ్యి ముట్టిస్తారు. కొట్టేటప్పుడు మా అత్త వెళ్ళి పక్కన నిలబడాలి. ఆమెకు పసుపు కుంకుమ ఇచ్చేవాళ్ళు ఇస్తారు, పూలు ఇచ్చేవాళ్ళు ఇస్తారు, ఆమె అన్నీ తెచ్చి వాడుకుంటుంది. కుంకుమ ఏం చేస్తావత్తా అంటే, "గడపకు రంగు తక్కువైనప్పుడు కలుపుతా," అంది.

ఇంత గొప్ప సొట్టను పోగొట్టింది మా మామ అల్లా బాషా.

మామ ముప్పయ్యేళ్ళకు పైగా బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేశాడు. ఆయన నునుపు తేల్చిన బండ మీద గోలీ పెడితే పెట్టిన చోటే ఉండాలి. కదిలిందంటే ఆ రోజు ఆయనకు అన్నం సహించదు. దుమ్ముకు దగ్గు పట్టుకొని పోయినేడు పని మానుకున్నాడు కానీ, చేతులు మానుకోలేదు. వంకర ఉందో లేదో బుడగతో చూపించే రసమట్టం జేబులో పెట్టుకొని ఇల్లంతా తిరిగేవాడు. కుంటి మంచాన్ని సరిచేశాడు, వంకర పీటను సరిచేశాడు, అటకను సరిచేశాడు. నేను రొట్టె కొడుతుంటే వచ్చి పక్కన నిలబడి, "ఆ అంచు రవంత లేచింది దిల్షాద్," అనేవాడు. ఒకరోజు రొట్టె ఆయన చేతిలో పెట్టి నేనే లేచి వెళ్ళిపోయాను.

ఆమధ్య అత్త చెల్లెలి మనవరాలి శుభకార్యానికని కోడుమూరు పోయింది. రెండు రోజులు ఉండదు. ఆమె లేని ఇంట్లో మామకు ఏమీ తోచలేదు. ఆమె వచ్చేసరికి ఏదైనా చేసి సంతోషపెట్టాలనుకున్నాడు పాపం. నేను షమీమ్‌ను బడి నుంచి తీసుకొచ్చేసరికి వంటింట్లోంచి పిలిచాడు.

"దిల్షాద్, ఒకసారి ఇట్ల రామ్మా."

బియ్యం డ్రమ్ము మీద డబ్బా తళతళా మెరుస్తోంది. కొత్త పెళ్ళికొడుకులా ఉంది. సొట్ట లేదు.

"మామా! ఏం పని చేసినావు?"

"కొయ్యసుత్తితో లోపల నుంచి మెల్లగా కొట్టినా. రెండు గంటలు పట్టింది. యాడా గీత కూడా కనపడదు, సూడు. ఎన్నేండ్ల నుంచో అట్లే సొట్టతో వాడుకుంటా ఉండాది, పాపం, ఒక్కసారి కూడా బాగుచేయమని అడగల్యా ఆమె."

 వంకర ఎక్కడ కనిపించినా సరిచేయడమే తెలిసిన మనిషి, సొట్టే ఆస్తి అని ఇంట్లో అందరూ ముప్పయ్యేళ్ళుగా చెబుతుంటే విని కూడా, చెయ్యి ఊరుకోక ఆ ఆస్తిని చదును చేసేశాడు. ఆయన మొహంలో సంతోషం చూసి, "బాగుంది మామా," అన్నాను.

ఆ సాయంత్రమే అత్త బస్సు దిగి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా బియ్యం దగ్గరికి పోయి డబ్బా చేతిలోకి తీసుకుంది. అరచెయ్యి సొట్ట ఉండాల్సిన చోట పెట్టింది. చెయ్యి జారింది. ఇంకో పక్కకు తిప్పి అక్కడా వెతికింది.

"నా సొట్ట యాడ?"

"నేనే సరిచేసినా," అన్నాడు మామ సంతోషంగా. ఆమె ఆ రాత్రి ఆ డబ్బాతోనే బియ్యం పోసి వండింది. మాకందరికీ వడ్డించింది, ఎప్పటిలాగే "నేను వంటింట్లో తింటాలే," అని గిన్నె తీసుకొని లోపలికి పోయింది. పోయి వెంటనే బయటికి వచ్చింది. గిన్నెలో ఒక కంచం అన్నం మిగిలి ఉంది. మా ఇంట్లో నేను వచ్చిన పన్నెండేళ్ళలో అన్నం మిగలడం అదే మొదలు. చూరు కింద దొంగ దొరికినట్టు అందరం దాని చుట్టూ నిలబడి చూశాం.

"దినానికి ఒక కంచం," అంది అత్త. "నెలకు ముప్పై కంచాలు. ఇంటికి ఇంగో మనిషిని తెచ్చి పెట్టినావు గదయ్యా నువ్వు." డబ్బాను తీసుకొచ్చి మామ ముందు ఠంగుమని పెట్టింది. "సొట్ట యాడికి పోయిందో ఆడి నుంచే తీస్కరా. అంతవరకు నేను డబ్బా ముట్టను, పొయ్యి ముట్టించను. నీతో మాట్లాడను."

అన్నట్టే చేసింది. మామ మంచం అరుగు మీదికి చేరింది. ఆయన టీ అడిగితే ఆమె గోడకేసి చూసేది. ఆ డబ్బా ముట్టడానికి నాకూ ధైర్యం చాలక రాత్రిపూట కూడా రొట్టెలే చేశాను. పెళ్ళయి ముప్పయ్యెనిమిదేళ్ళు. వాళ్ళిద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకోవడం నేను చూశాను గానీ, మాట్లాడుకోకపోవడం ఎప్పుడూ చూడలేదు. రెండో రోజుకే మామ మొహం వాడిపోయింది.

"ఆమె మాట్లాడకపోతే ఈ ఇంట్లో నాకేం పని దిల్షాద్?" అన్నాడు. 

"మళ్ళీ కొట్టు మామా. సొట్టే కదా, ఎంతసేపు?"

"ఎంత లోతని కొట్టేది? కొలత లేకుండా పని చేసినోన్నా నేను?"

కొలత ఎవరి దగ్గరా లేదు. ఫోటోలన్నీ వెతికాం. ఒక పెళ్ళి ఫోటోలో డబ్బా అంచు కనిపించింది, సొట్ట మాత్రం ఎవరిదో పైట చాటున ఉంది. అప్పుడు మామకు వీధిలోని మిగతా సొట్టలు గుర్తొచ్చాయి. గోనెసంచి భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి, మిగిలిన పది ఇళ్ళ డబ్బాలూ అడిగి తెచ్చాడు. పక్కింటి ప్రేమమ్మ మాత్రం డబ్బా ఇస్తూ, "సాయంత్రానికి కావాలన్నా, జాగ్రత్త. మా అత్త సొట్ట ఇది," అని రెండుసార్లు చెప్పింది.

అరుగు మీద పది డబ్బాలు వరుసగా పెట్టి నీళ్ళు పోసి కొలిచాడు. సిద్దమ్మ సొట్ట లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. ప్రేమమ్మది నిమ్మకాయంత గుంత. మూలింటి వాళ్ళది సొట్ట కాదు, సగం డబ్బా లేదు. ఒక్కో ఆమె తన సొట్టే నన్నీ బీ సొట్టకు అసలైన నకలని వాదించింది. సిద్దమ్మ, ప్రేమమ్మ ఒకరి డబ్బాను ఒకరు చూసి మొహాలు తిప్పుకున్నారు. చివరికి మా ఆయన ఫోన్ తీసి, పదింటినీ కూడి పదితో భాగించి, "ఇంత నీళ్ళు తక్కువ పట్టాల," అన్నాడు. మామ గీత గీసి, గుడ్డ చుట్టిన రోకలి పట్టుకున్నాడు. వీధి ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. టంగ్‌మంది. సొట్ట పడింది. నీళ్ళు పోసి చూస్తే గీతకు చుక్క తేడా లేదు.

మా అత్త కిటికీలోంచే చూసి, "సూపుకు బాగానే ఉండాది. తిండికి ఎట్లుంటాదో," అంది, గోడతో.

"పరీక్ష పెడదాం," అంది ప్రేమమ్మ. "ఐదు కంచాలు. అందరి కడుపూ నిండాల, గిన్నెలో మెతుకు మిగలకూడదు. అప్పుడు అది నన్నీ బీ సొట్టే అని వీధిలో చెప్తా."

ఆ సాయంత్రం వంట నేను చేశాను. అత్త సమ్మెలో ఉంది కాబట్టి వంటింట్లో ఆమెకు పని లేదు. పని లేని మనిషి ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు తలుపు దగ్గర నిలబడి, తర్వాత చాప మీద వరుసలో వచ్చి కూర్చుంది. మామ, అక్రమ్, షమీమ్, వాళ్ళ పక్కన అత్త. ఆమె అలా అందరితో కూర్చొని తినడం నేను ఎప్పుడూ చూడలేదు. పప్పు, ఊరిబిండి పచ్చడి చేశాను. మొదటి ముద్ద భయపడుతున్నట్టు తింది. తర్వాత కంచం ముందుకు జరిపింది. ఇంకొంచెం పెట్టాను. తింది. మళ్ళీ జరిపింది. నలుగురి కడుపులూ నిండాయి. గిన్నె అడుగు గరిటెతో గీకితే ఒక మెతుకు రాలేదు.

"సరిపోయింది!" అంది గుమ్మంలోంచి ప్రేమమ్మ, చేతులు చరుస్తూ. వెనక నలుగురు ఆడవాళ్ళు కూడా చరిచారు. మామ కళ్ళు తుడుచుకున్నాడు. అత్త డబ్బాను దగ్గరికి తీసుకొని సొట్టలో అరచెయ్యి పెట్టి చూసుకుంటోంది. ఇంకో నిమిషమైతే మాట్లాడేసేదే.

"నా అన్నం ఏదీ?" అన్నాను.

అందరూ నా వైపు, ఈమె ఎప్పుడొచ్చింది అన్నట్టు చూశారు.

"నలుగురే తిన్నారు. నేనింకా తినలేదు. నాకేదీ?"

"వడ్డించేటోళ్ళకు యాడుంటాదిలేమ్మా," అంది ప్రేమమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతిలాగా.

"మా డోన్‌లో ఉంటాది!" అని అరిచాను. ఆకలి వేస్తే నేను మంచిదాన్ని కాను. ఆ పూట ఒక జొన్నరొట్టె, మిగిలిన ఊరిబిండి తిని, గిన్నెలన్నీ వీధికి వినిపించేలా కడిగాను.

మామ తన పనిలో తప్పు ఒప్పుకునే మనిషి. "సొట్ట ఎక్కువ లోతు పడినట్టుంది. దిల్షాద్‌కు చాల్లేదు కదా," అని మర్నాడు కొయ్యసుత్తి తీసుకొని లోపలి నుంచి రవ్వంత పైకి కొట్టాడు. ఆ సాయంత్రం మళ్ళీ పరీక్ష. నాకు అరకంచం మిగిలింది. "ఇంకా!" అన్నాను. మూడో రోజు మళ్ళీ కొట్టాడు. నాకు ముప్పావు కంచం. ప్రేమమ్మకు ఓపిక నశించి, "ఆ పావు కంచానికి ఏముందిలేమ్మా, సర్దుకో," అంది. నేను సర్దుకోలేదు. ఈ జన్మలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే, సర్దుకోకపోవడం.

నాలుగో రోజు మామ పొద్దుటి నుంచి డబ్బాతోనే ఉన్నాడు. తట్టడం, నీళ్ళు పోయడం, మళ్ళీ తట్టడం. సాయంత్రం వడ్డించాను. మామ తిన్నాడు, అక్రమ్ తిన్నాడు, షమీమ్ తింది, అత్త రెండోసారి పెట్టించుకొని తింది. చివర నేను కూర్చొని నిండు కంచం తిన్నాను. ఐదు కంచాలు. గిన్నె గీకితే ఒక మెతుకు లేదు.

"ఇదే! ఇదే ఆ సొట్ట!" అని మామ ఎగిరి గంతేశాడు. డబ్బాను వంటింట్లోంచి తెచ్చి అందరికీ చూపించబోయాడు. చూపుడువేలు పెట్టి తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. అలవాటు కొద్దీ దాన్ని పడుకోబెట్టి మీద రసమట్టం పెట్టాడు. బుడగ వచ్చి సరిగ్గా మధ్యలో నిలబడింది.

డబ్బాకు సొట్ట లేదు. నున్నగా ఉంది, అత్త కోడుమూరు నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే.

గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మామ వేళ్ళ మీద లెక్క వేశాడు. సొట్ట పడిన రోజుల్లో ఇంట్లో ఆయన అమ్మానాన్నా, ఆయన, అత్త, పసివాడు అక్రమ్. వాళ్ళిద్దరూ పోయారు, నేనూ షమీమూ వచ్చాం. ఎప్పుడూ ఐదు మందే. నిండు డబ్బా అయితే ఐదు కంచాలు. సొట్ట డబ్బా అయితే నాలుగు.

అత్త లేచింది. "గిన్నెలు కడగాల," అంది.

"సమ్మెలో ఉండావు, కూసో," అన్నాడు మామ.  "నన్నీ, ఇన్నేండ్లు రాత్రిపూట నువ్వేం తిన్న్యావు?"

"మాడు ఉంటాది కదా. మజ్జిగ ఉంటాది. నాకు రాత్రి తింటే అరగదు."

"నాలుగు రోజుల నుంచి అరుగుతాండాదే?"

 ఆమె కొంగుతో డబ్బా తుడుస్తూ కూర్చుంది. తర్వాత డబ్బాతోనే చెబుతున్నట్టు చెప్పింది.

"అక్రమ్ పాలు మాని బువ్వకొచ్చిన ఏడు. ఫ్యాక్టరీ మూసేసిరి కదా, వానల్లేవు, నీకు పని లేదు. మీ అమ్మేమో నిండు డబ్బా పొయ్యాల్సిందే అని పక్కనే నిలబడి సూసేది. నిండు పోస్తే నెల గడిచేది కాదు. అందుకే రోకలితో ఒకటి కొట్టినా. డబ్బా నిండుగానే కనపడేది. మీ అమ్మ సంతోషంగా ఉండేది. మీరంతా తిన్న్యాక నేను గిన్నెలు కడిగేదాన్ని."

"ఆ కరువు పోయి ముప్పై ఏండ్లు దాటింది కదే!"

"కరువు పోయింది," అంది అత్త. "సొట్ట పోలేదు కదా."

నాకు సిగ్గేసింది. పన్నెండేళ్ళుగా ఆమె "వంటింట్లో తింటాలే" అన్న ప్రతి రాత్రీ నేను సరే అని చెయ్యి కడుక్కొని లేచాను. ఒక్కసారి ఆ గిన్నెలోకి తొంగి చూడలేదు. ఇంటికి బండలు పరిచిన సొట్ట, మొగుణ్ణి చదివించిన సొట్ట అని నేనూ అందరికీ చెప్పుకున్నాను. నాకు ఆకలేసి నాలుగు రోజులు వీధంతా వినిపించేలా అరిచాను గానీ, ఆ అరుపు ఆమెకెందుకు లేదో ఆలోచించలేదు. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.  "రేపటి నుంచి నువ్వు ముందు తిను, తర్వాత నేను తింటా," అన్నాను. "నువ్వు ఆకలికి ఆగలేవులే," అంది.

మామ ఆ రాత్రి మంచాన్ని అరుగు మీది నుంచి లోపలికి తెచ్చుకోలేదు. ఆమె రమ్మన్నా రాలేదు. తెల్లవారగానే టకటకమని చప్పుడు వినిపించి లేచి చూశాను. మామ అరుగు మీద కూర్చొని, రాత్రే మళ్ళీ అడిగి తెచ్చుకున్న వీధి వాళ్ళ డబ్బాలు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకొని కొయ్యసుత్తితో కొడుతున్నాడు. కొట్టిన ప్రతి దాని మీదా రసమట్టం పెట్టి చూసి సంచిలో వేస్తున్నాడు. పది డబ్బాలు. అత్త టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన్ను ఆపలేదు.

మొదటి ఇల్లు ప్రేమమ్మది. డబ్బా చేతిలో పడగానే ఆమె కేక వేసింది.

"అన్నా! నా సొట్ట యాడన్నా? మా అత్త కొట్టిన సొట్ట అని చెప్పలేదా నీకు?"

"రాత్రి బువ్వ తిన్న్యావామ్మా?" అన్నాడు మామ.

"మా ఇంట్లో అందురూ తిన్న్యారు. అదంతా ఏంటికి ఇప్పుడు, నా సొట్ట..."

"అందుర్నీ అడగల్యా తల్లీ. నిన్నే అడుగుతాండా."

 ప్రేమమ్మ వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. లోపల ఆమె మొగుడు రొట్టె తింటున్నాడు. డబ్బాను కొంగులో చుట్టుకొని, తల దించుకొని లోపలికి పోయింది.

మామ సంచి భుజాన సర్దుకొని సిద్దమ్మ ఇంటి వైపు నడిచాడు. సంచిలో ఇంకా తొమ్మిది డబ్బాలున్నాయి.